ఆకు జమాఖర్చు: కిరణజన్య సంయోగక్రియలో ఏం తయారవుతుందో, ఏం బయటికి పోతుందో ఇంట్లోనే చూసే పద్ధతి

పాతిక కిలోల బియ్యం బస్తా ఇంట్లో దించుకున్నప్పుడు మన కంటికి కనిపించేది బియ్యం ఒక్కటే. ఆ బియ్యంలోని పిండి పదార్థం పొలంలో తయారైనప్పుడు దాంతోపాటు దాదాపు 23 కిలోల ఆక్సిజన్ కూడా తయారై గాలిలో కలిసిపోయింది. బస్తాలోకి వచ్చింది ఉత్పత్తి. గాలిలోకి పోయింది ఉప ఉత్పత్తి. ఈ 23 ఎక్కణ్ణుంచి వచ్చిందో కాసేపట్లో లెక్క కడదాం.

పదో తరగతి పిల్లల్ని "కిరణజన్య సంయోగక్రియలో ఏం వస్తాయి?" అని అడిగితే "గ్లూకోజ్, ఆక్సిజన్ సార్" అని గుక్క తిప్పుకోకుండా చెప్తారు. "నువ్వు చూశావా?" అని అడిగితే మాత్రం నేలచూపులు చూస్తారు. ఈ మార్గదర్శి ఆ రెండో ప్రశ్న కోసం రాసింది. మందుల షాపులోనూ, అక్వేరియం షాపులోనూ దొరికే సామానుతో, నాలుగు రోజుల్లో, ఆకు ఏం దాచుకుంటోందో ఏం వదిలేస్తోందో మీరే చూడొచ్చు. పిల్లలు చేస్తుంటే పక్కన పెద్దవాళ్లు ఉండాలి. ఎందుకో స్పిరిట్ దగ్గరికి వచ్చినప్పుడు చెప్తాను.

ముందు కాగితం మీద లెక్క

ప్రయోగానికి ముందే లెక్క రాసుకోవాలని నా పట్టుదల. ఏం వెతుకుతున్నామో తెలియకుండా గాజు జాడీ ముందు కూర్చుంటే బుడగలు తప్ప ఇంకేం కనిపించవు.

పాఠ్యపుస్తకంలో సమీకరణం ఇలా ఉంటుంది: ఆరు కార్బన్ డయాక్సైడ్ అణువులు, పన్నెండు నీటి అణువులు కలిసి, వెలుతురు సాయంతో పత్రహరితం ఉన్న చోట ఒక గ్లూకోజ్ అణువు, ఆరు ఆక్సిజన్ అణువులు, ఆరు నీటి అణువులు అవుతాయి. చాలామంది రెండు వైపులా ఉన్న నీటిని కొట్టేసి "ఆరు నీళ్లు చాలు కదా" అంటారు. తూకం వరకైతే చాలు. కానీ అలా కొట్టేస్తే అసలు కథ పోతుంది. లోపలికి వెళ్లిన పన్నెండు నీటి అణువులు, బయటికి వచ్చిన ఆరు నీటి అణువులు ఒకటి కావు. వెళ్లినవన్నీ ముక్కలైపోయాయి. వచ్చినవి కొత్తగా తయారయ్యాయి, వాటిలోని ఆక్సిజన్ కార్బన్ డయాక్సైడ్ నుంచి వచ్చింది. అంటే నీరు ఇక్కడ ముడిసరుకూ అవుతోంది, ఉప ఉత్పత్తీ అవుతోంది.

ఇప్పుడు తూకం. 264 గ్రాముల కార్బన్ డయాక్సైడ్, నికరంగా 108 గ్రాముల నీరు ఖర్చయితే 180 గ్రాముల గ్లూకోజ్, 192 గ్రాముల ఆక్సిజన్ వస్తాయి. రెండు వైపులా కూడి చూడండి, 372 గ్రాములు. చిల్లిగవ్వ తేడా లేదు. ఇంకోటి గమనించారా? వదిలేసే ఆక్సిజన్ దాచుకునే చక్కెర కంటే బరువెక్కువ. ఉప ఉత్పత్తి అంటే తవుడూ ఊకా లాగా మిగిలిపోయే కాస్త అనుకునేవాళ్లకి ఇది మింగుడు పడదు.

గ్లూకోజ్ అణువులు గొలుసులా అతుక్కుని పిండి పదార్థం అయ్యేటప్పుడు ఒక్కో అతుకు దగ్గర ఒక నీటి అణువు ఊడిపోతుంది. అందుకని 192 గ్రాముల ఆక్సిజన్‌కి జోడీ 162 గ్రాముల పిండి. కిలో పిండికి సుమారు 1.185 కిలోల ఆక్సిజన్. బియ్యంలో పిండి పదార్థం దాదాపు 78 శాతం అనుకుంటే పాతిక కిలోల బస్తాలో 19.5 కిలోలు. గుణించండి, 23 కిలోలు. ఆ బస్తా అన్నం మనం తిని అరిగించుకునేటప్పుడు ఒళ్లు పీల్చుకునే ఆక్సిజన్ కూడా ఇంచుమించు అంతే. అప్పు తీర్చినట్టు లెక్క సరిపోతుంది.

సామాను

హైడ్రిల్లా కట్ట ఒకటి. అక్వేరియం షాపులో అడగండి, లేదంటే చెరువు గట్టున నీటిలో పొడుగ్గా, చిన్న చిన్న ఆకుల చుట్లతో పెరిగే మొక్క కోసం చూడండి. ఊళ్లో దాన్ని కూడా నాచు అనే అంటారు. రాళ్లకు జిగటగా పట్టే పాచి కాదు, కాడా ఆకులూ ఉన్న నాచు కావాలి. లీటరు పట్టే గాజు జాడీలు నాలుగైదు, గరాటు, పరీక్షనాళిక, తినే సోడా, చీపురుపుల్లలు, అగ్గిపెట్టె. గరాటు లేకపోతే కూల్‌డ్రింక్ బాటిల్ పైభాగం కోసి బోర్లిస్తే సరిపోతుంది.

పిండి పరీక్షకు కుండీలో మందార మొక్క, మందుల షాపులో దొరికే పోవిడోన్ అయోడిన్ ద్రావణం, సర్జికల్ స్పిరిట్, చిన్న స్టీలు గ్లాసు, అది పట్టేంత గిన్నె, అల్యూమినియం ఫాయిల్, పేపర్ క్లిప్పులు.

అయోడిన్ మందును నేరుగా వాడకండి, ముదురు రంగులో ఏదీ తేలదు. ఒక చెంచాకు పది చెంచాల నీళ్లు కలిపి పల్చటి టీ రంగుకు తెచ్చుకోండి. అన్నం మెతుకు మీద చుక్క వేసి చూడండి. నీలం, నలుపు కలిసిన రంగు రావాలి. రాకపోతే ఆ సీసా పాతదైపోయింది. ఆకును తప్పు పట్టేముందు మందును పరీక్షించడం మంచిది.

ఉప ఉత్పత్తిని పట్టుకోవడం

కుళాయి నీళ్లు ముందు రోజు రాత్రి బకెట్లో పట్టి వదిలేయండి, క్లోరిన్ పోతుంది. లీటరు నీటికి అర చెంచా తినే సోడా కలపండి. మొక్కకు కావాల్సిన కార్బన్ దాన్నుంచి అందుతుంది.

నాలుగు అంగుళాల పొడవు హైడ్రిల్లా కాడలు ఐదారు తీసుకుని, మొదళ్లను నీటిలో ఉంచే కొత్తగా కోయండి. కోసిన కొసలు పైకి ఉండేలా జాడీలో పెట్టి గరాటు బోర్లించండి. పరీక్షనాళికను నిండా నీళ్లతో నింపి, బొటనవేలితో మూసి, నీటి లోపలే గరాటు కాడ మీద తలకిందులుగా దించండి. లోపల ఒక్క గాలి బుడగ కూడా మిగలకూడదు. మొదటిసారి ఇది ఎవరికీ కుదరదు. మూడోసారికి కుదురుతుంది, నేల మాత్రం తడుస్తుంది.

జాడీని పొద్దున తొమ్మిదికి ఎండలో పెట్టండి. కాసేపటికే కోసిన కొసల నుంచి సూది మొనంత బుడగలు ముత్యాల దండలా వరసగా లేస్తాయి. 1779లో డచ్ వైద్యుడు యాన్ ఇంగెన్‌హౌస్ చూసింది ఇవే బుడగల్ని. వెలుతురు ఉంటేనే వస్తాయని, మొక్కలో పచ్చటి భాగాల నుంచే వస్తాయని ఆయన తేల్చాడు. అంతకు కొన్నేళ్ల ముందు, 1771లో, ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్లీ కొవ్వొత్తి ఆరిపోయిన గాలిలో పుదీనా మొక్కను ఉంచితే కొన్నాళ్లకు ఆ గాలిలో కొవ్వొత్తి మళ్లీ వెలగడం చూశాడు. ఇందులో వెలుతురు పాత్ర ఎంతో ఆయనకు అంతుపట్టలేదు. మీ జాడీ మీద నల్లగుడ్డ కప్పితే మీకు అంతుపడుతుంది.

బుడగల్ని నిమిషానికి ఎన్నో లెక్కపెట్టండి. ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి, గుడ్డ కప్పాక ఒకసారి. గుడ్డ కప్పిన మరుక్షణమే ఆగవు, కాడ లోపల నిండి ఉన్న వాయువు కాసేపు వస్తూనే ఉంటుంది. ఐదు నిమిషాలు ఆగి లెక్కపెట్టండి. ఒక మాట గుర్తుంచుకోవాలి. మీరు లెక్కపెట్టేది నికర రాబడి. మొక్క కూడా పగలూ రాత్రీ శ్వాసిస్తుంది, దాని ఖర్చు పోగా మిగిలిందే బుడగ.

సాయంత్రానికి నాళికలో రెండు మూడు అంగుళాల మేర వాయువు చేరాలి. తక్కువ ఉంటే మర్నాడు కూడా ఉంచండి. చాలినంత చేరాక నీటిలోనే వేలితో మూసి బయటికి తీసి నిలబెట్టండి. చీపురుపుల్ల వెలిగించి, మంట ఊది ఆర్పి, కొస ఎర్రగా కణకణలాడుతుండగా నాళికలోకి దించండి. నిప్పు ఒక్కసారిగా ప్రకాశిస్తుంది. అదృష్టం బాగుంటే మళ్లీ మంట లేస్తుంది.

అదృష్టం అని ఎందుకన్నానంటే, పుస్తకాల్లో రాసినట్టు భగ్గుమని మండకపోవచ్చు. నాళికలో చేరింది స్వచ్ఛమైన ఆక్సిజన్ కాదు. నీటిలో కరిగి ఉన్న నైట్రోజన్ కూడా కొంత వచ్చి కలుస్తుంది. మంట రాలేదని పిల్లవాడు నిరాశపడితే పక్కనే మామూలు గాలి ఉన్న నాళికలో అదే పుల్ల దించి చూపించండి. తేడా తెలుస్తుంది. చూడాల్సింది ఆ తేడానే.

ఆ బుడగలు నిజంగా ఆక్సిజనేనా?

ఇక్కడ చాలామంది ఆగిపోతారు. నాకు మాత్రం అసలు పని ఇక్కడే మొదలవుతుందనిపిస్తుంది.

చల్లటి నీళ్లు ఎండలో వేడెక్కితే వాటిలో కరిగిన గాలే బుడగలై జాడీ గోడలకు అంటుకుంటుంది. మొక్క లేకపోయినా వస్తుంది. కాబట్టి మొక్క లేని సోడా నీటి జాడీ ఒకటి పక్కన పెట్టాలి. మొక్క ఉండి నల్లగుడ్డ కప్పింది ఇంకోటి. మరిగించి చల్లార్చిన నీటిలో మొక్క వేసింది ఇంకోటి, ఎందుకంటే మరిగిస్తే నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ పోతుంది. ముడిసరుకు లేదు కాబట్టి బుడగలు రాకూడదు. రావు కూడా. "చూశారా, కార్బన్ డయాక్సైడ్ లేకపోతే ఆక్సిజన్ రాదు" అని ఉపాధ్యాయులు చెప్పి ముగిస్తారు.

కానీ ఆ వాదనలో ఒక చిల్లు ఉంది. మరిగించినప్పుడు కార్బన్ డయాక్సైడే కాదు, నీటిలోని ఆక్సిజన్ కూడా పోయింది. అలాంటి నీరు దాహంగా ఉంటుంది. మొక్క కాస్త ఆక్సిజన్ వదిలినా బుడగ కాకముందే కరిగించేసుకుంటుంది. మరి బుడగలు రాకపోవడానికి కారణం మొక్క పని మానేయడమా, నీరు మింగేయడమా? తేల్చాలంటే ఇంకో జాడీ పెట్టాలి: మరిగించి చల్లార్చిన నీరు, అందులో చల్లారాక కలిపిన సోడా, మొక్క. ఇందులో కొంచెం ఆలస్యంగానైనా బుడగలు మొదలైతే, మూడో జాడీలో లోటు కార్బన్‌దే అని ధైర్యంగా చెప్పొచ్చు. ఈ జాడీ గురించి పరీక్షలో ఎవరూ అడగరు. అయినా పెట్టండి.

ఆ ఆక్సిజన్ ఎవరిది?

కార్బన్ డయాక్సైడ్‌లో ఆక్సిజన్ ఉంది, నీటిలోనూ ఉంది. బుడగలో ఉన్నది దేన్నుంచి వచ్చింది? చాలాకాలం పండితులు కూడా కార్బన్ డయాక్సైడ్ చీలి ఆక్సిజన్ ఊడిపోతుందనే అనుకున్నారు. ఇది ఇంట్లో తేలే విషయం కాదు, కానీ తెలుసుకోకుండా ముందుకు పోకూడదు.

ఊదారంగు గంధక బ్యాక్టీరియా అని ఉన్నాయి. అవి వెలుతురుతో ఆహారం తయారు చేసుకుంటాయి, కానీ నీటికి బదులు హైడ్రోజన్ సల్ఫైడ్‌ని, అదే కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసే వాయువుని, వాడుకుంటాయి. వాటి ఉప ఉత్పత్తి ఆక్సిజన్ కాదు, గంధకం. 1930ల మొదట్లో వాన్ నీల్ అనే శాస్త్రవేత్త దీన్నుంచి ఒక ఊహ చేశాడు: హైడ్రోజన్ సల్ఫైడ్ చీలితే గంధకం మిగులుతోంది, అలాగే మొక్కలో చీలేది నీరే అయి ఉండాలి, మిగిలేది దాని ఆక్సిజన్. 1941లో అమెరికాలో రూబెన్, కామెన్ బృందం కాస్త బరువైన ఆక్సిజన్ పరమాణువులతో గుర్తు పెట్టిన నీటిని ఉపయోగించి చూస్తే, బయటికి వచ్చిన ఆక్సిజన్ నీటిదేనని రుజువైంది.

ఉప ఉత్పత్తి ఏమిటన్నది దేన్ని చీల్చారన్నదాన్ని బట్టి ఉంటుంది. మొక్కకు కావాల్సింది నీటిలోని హైడ్రోజన్, ఎలక్ట్రాన్లు. రెండు నీటి అణువులు చీలితే నాలుగు ఎలక్ట్రాన్లు, నాలుగు ప్రోటాన్లు చేతికొస్తాయి, ఒక ఆక్సిజన్ అణువు మిగిలిపోతుంది. చెరకు రసం తీసుకుని పిప్పి పక్కన పడేసినట్టు. ఈ పని చేసే యంత్రాంగంలో మాంగనీసు, కాల్షియం పరమాణువులు ఉంటాయి. మాంగనీసు తక్కువైన పొలంలో ఆకులు పాలిపోవడానికి ఇదీ ఒక కారణం.

ఉత్పత్తిని పట్టుకోవడం: ఆకులో పిండి

మందార కుండీని రెండు రోజులు పూర్తి చీకటిలో ఉంచండి. బీరువా పక్క సందు సరిపోదు, అట్టపెట్టె బోర్లించండి. ఆకులో అప్పటికే ఉన్న పిండి ఖర్చయిపోవాలి. మూడో రోజు పొద్దున ఒక ఆకు తెంపి కింద చెప్పిన పద్ధతిలో పరీక్షించండి. అయోడిన్‌కి రంగు మారకూడదు. ఖజానా ఖాళీ అయిందని రుజువు లేకపోతే, సాయంత్రం కనిపించే పిండి ఇవాళ్టిదని ఎలా చెప్తాం?

తర్వాత ఇంకో ఆకు మధ్యలో పట్టీలా ఫాయిల్ చుట్టి, రెండు వైపులా వెలుతురు చొరబడకుండా క్లిప్ పెట్టండి. ఐదారు గంటలు ఎండలో ఉంచి, మధ్యాహ్నం మూడు నాలుగింటికి తెంపండి.

స్టవ్ మీద గిన్నెలో నీళ్లు మరగనివ్వండి. ఫాయిల్ తీసేసిన ఆకును రెండు నిమిషాలు అందులో ఉడికించండి. కణాల పొరలు పగిలి, లోపలి పనులన్నీ అక్కడికక్కడ ఆగిపోతాయి. ఇప్పుడు స్టవ్ ఆపేయండి. సిలిండర్ దగ్గర కూడా కట్టేయండి. ఆ తర్వాతే స్పిరిట్ సీసా మూత తీయాలి.

ఇది ఊరికే చెప్పే జాగ్రత్త కాదు. నేను చదువుకునే రోజుల్లో ఒక ప్రయోగశాలలో స్పిరిట్ ఉన్న బీకరును నేరుగా దీపం మీద పెట్టారు. మంట పైకి లేచి పక్కనున్న అబ్బాయి కనుబొమలు కాలాయి. ఇంకేమీ కాలేదు కాబట్టి ఇప్పుడు నవ్వుతూ చెప్పుకుంటున్నాం. స్పిరిట్ ఆవిరి కంటికి కనిపించదు, బల్ల మీద పాకుతూ పోయి మంటను వెతుక్కుంటుంది.

ఆకును స్టీలు గ్లాసులో వేసి, మునిగేంత స్పిరిట్ పోసి, ఆ గ్లాసును వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టండి. ఆల్కహాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది, కాబట్టి దింపిన నీళ్ల వేడి చాలు. కిటికీలు తెరిచి ఉంచండి. పది నిమిషాల్లో స్పిరిట్ ఆకుపచ్చగా, ఆకు తెల్లకాగితంలా అవుతుంది. మందారకు ఒక్కోసారి నీళ్లు మార్చి మళ్లీ చేయాల్సి వస్తుంది. నీళ్లు వేరే గదిలో కెటిల్‌లో కాచుకుని తెచ్చుకోండి, స్పిరిట్ బయట ఉండగా స్టవ్ వెలిగించొద్దు.

పత్రహరితం పోయిన ఆకు పెళుసుగా ఉంటుంది. గోరువెచ్చని నీటిలో ముంచితే మెత్తబడుతుంది. తెల్ల ప్లేటులో పరిచి అయోడిన్ చల్లండి. ఒకటి రెండు నిమిషాల్లో ఎండ తగిలిన భాగం నల్లబడుతుంది, ఫాయిల్ కింద ఉన్న పట్టీ పసుపు గోధుమ రంగులోనే ఉండిపోతుంది. ఫాయిల్‌ని మీ పేరులో మొదటి అక్షరం ఆకారంలో కత్తిరించి అంటిస్తే ఆ అక్షరం ఆకు మీద అచ్చుపడుతుంది. పిల్లలకు ఇది చాలా ఇష్టం. 1860లలో జర్మన్ శాస్త్రవేత్త యూలియుస్ జాక్స్ ఇదే అయోడిన్‌తో, వెలుతురు పడ్డ ఆకులోనే పిండి తయారవుతుందని చూపించాడు.

తెల్ల మచ్చలుండే మందార గానీ మచ్చల క్రోటన్ గానీ దొరికితే ముందుగా ఆకు బొమ్మ గీసి పచ్చ ఎక్కడో తెలుపు ఎక్కడో గుర్తు పెట్టుకోండి. నలుపు ఎక్కడొస్తుందో చెప్పక్కర్లేదు. ఉల్లికాడతో మాత్రం ఈ పరీక్ష చేయకండి. ఉల్లి తన ఆకుల్లో పిండి దాచుకోదు, చక్కెరలుగానే ఉంచుకుంటుంది. ఎంత అయోడిన్ పోసినా నల్లబడదు, ఎండలో అది పనిచేయనట్టు కనిపిస్తుంది.

పొద్దున ఆకు, సాయంత్రం ఆకు

ఇంతకీ మొదట తయారయ్యేది గ్లూకోజేనా? సమీకరణంలో అలా రాయడం సౌకర్యం కోసం. నిజానికి హరితరేణువులోంచి, అంటే ఆకు కణంలో పత్రహరితం ఉండే చిన్న సంచిలోంచి, ముందుగా వచ్చేది ఫాస్ఫేటు తగిలించుకున్న మూడు కార్బన్‌ల చిన్న చక్కెర. ఈ దారిని అమెరికాలో మెల్విన్ కాల్విన్ బృందం రేడియోధార్మిక కార్బన్‌తో వెతికి పట్టుకుంది, ఆయనకు 1961లో నోబెల్ వచ్చింది. ఆ చిన్న చక్కెరకు అక్కడ రెండు దారులు. హరితరేణువులోనే ఉండిపోతే పిండి అవుతుంది, అది రాత్రి కోసం దాచుకున్న సద్ది. బయటికి వస్తే సుక్రోజ్ అవుతుంది, అంటే మనం టీలో వేసుకునే పంచదారే. ఆకు నుంచి వేరుకి, కాయకి, గింజకి ప్రయాణం చేసేది సుక్రోజే. తాటిగెల కొస చెక్కితే కారే నీరా తియ్యగా ఉండేది అందుకే. చెట్టు తన పిల్లలకు పంపుకుంటున్న సరుకును మనం దారిలో కుండ కట్టి పట్టుకుంటున్నాం.

దాచుకున్న సద్ది రాత్రి ఖర్చవుతుందని చూడాలంటే చీకటి పెట్టె కూడా అక్కర్లేదు. పెరట్లో మందార నుంచి మధ్యాహ్నం నాలుగింటికి ఒక ఆకు, మర్నాడు తెల్లవారుజామున ఐదింటికి ఇంకో ఆకు తెంపి, రెంటినీ వెంటనే వేడినీళ్లలో ఉడికించి పక్కన పెట్టుకుని, ఒకేసారి అయోడిన్ వేయండి. నలుపులో తేడా కనిపిస్తుంది.

అక్కడి నుంచి చక్కెర ఎన్ని వేషాలు వేస్తుందో చెప్పాలంటే వంటింటి నుంచి బట్టల బీరువా దాకా వెళ్లాలి. చెరకు దాన్ని సుక్రోజ్‌గానే కాండంలో నింపుకుంటుంది, అనకాపల్లి బెల్లం దిమ్మ అదే. కర్రపెండలం దుంపలో పిండిగా చేరుతుంది, పెద్దాపురం, సామర్లకోట వైపు మిల్లుల్లో సగ్గుబియ్యం అవుతుంది. వేరుశనగ గింజలో నూనెగా మారుతుంది. పత్తికాయలో సెల్యులోజ్ అవుతుంది. కంది గింజలో మాంసకృత్తులు కావాలంటే మాత్రం నైట్రోజన్ తోడు కావాలి, అది కిరణజన్య సంయోగక్రియ ఇవ్వలేదు.

చెట్టు బరువంతా మట్టిలోంచి వస్తుందనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. బెల్జియం ప్రాంతానికి చెందిన వాన్ హెల్మాంట్ సుమారు 90 కిలోల మట్టిలో చిన్న విల్లో మొక్క నాటి ఐదేళ్లు నీళ్లు మాత్రమే పోశాడు. చెట్టు 70 కిలోలకు పైగా పెరిగింది, మట్టి 60 గ్రాములు కూడా తగ్గలేదు. 1648లో అచ్చయిన ఆ లెక్క చూసి ఆయన, చెట్టంతా నీళ్లే అనుకున్నాడు. గాలిని తూకంలో వేయాలని తట్టలేదు. ఆ గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఇప్పటికీ 0.04 శాతమే కాబట్టి తట్టకపోవడంలో వింత లేదు.

ఉప ఉత్పత్తి కానివి

మొక్కకు పాలిథీన్ కవరు కట్టి, లోపల నీటి చుక్కలు చూపించి "కిరణజన్య సంయోగక్రియలో వచ్చిన నీరు" అని వీడియోలు పెడుతుంటారు. కాదు. అది బాష్పోత్సేకం, వేళ్లు లాగిన నీరే ఆకుల నుంచి ఆవిరై పోవడం. దాని ముందు సమీకరణంలోని ఆరు నీటి అణువులు సముద్రంలో కాకిరెట్ట.

రెండోది, రాత్రిపూట ఆక్సిజన్ ఇచ్చే చెట్లు. రావిచెట్టు, తులసి, స్నేక్ ప్లాంట్, కలబంద అంటూ జాబితాలు వాట్సాప్‌లో తిరుగుతుంటాయి. వెలుతురు లేకుండా నీటిని చీల్చే మొక్క లేదు. కలబంద, స్నేక్ ప్లాంట్ లాంటివి నీరు పొదుపు చేయడానికి రాత్రి రంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్‌ని ఆమ్లంగా దాచుకుంటాయి, నిజమే. ఆక్సిజన్ తయారు చేసేది మాత్రం తెల్లారి ఎండలోనే.

పడకగదిలో మనీ ప్లాంట్ సంగతి లెక్క కట్టి చూద్దాం. మంచి ఎండలో చదరపు మీటరు ఆకు గంటకు లీటరుకు కాస్త అటూ ఇటూగా ఆక్సిజన్ ఇస్తుందనుకోండి. ఊరికే కూర్చున్న మనిషికి నిమిషానికి పావు లీటరు, గంటకు 15 లీటర్లు కావాలి. అంటే ఒక్క మనిషికి నిండు ఎండలో పదిహేను చదరపు మీటర్ల ఆకు. గదిలోని వెలుతురు ఎండలో ఎన్నో వంతో మీకు తెలుసు. మొక్క అందానికి పెట్టుకోండి, ఊపిరికి కిటికీ తెరవండి. ఇదే లెక్క తిరగేస్తే రాత్రి చింతచెట్టు కింద పడుకుంటే ఊపిరాడదన్న మాటకూ బలం లేదు. ఆరుబయట గాలి ఆడుతూ ఉంటుంది, చెట్టు వదిలే కార్బన్ డయాక్సైడ్ దానిలో ఏ మూలకూ రాదు.

భీమవరం చెరువు దగ్గర ఇదే జాడీ

ఆరుబయట కాదు గానీ, నీటిలో మాత్రం ఈ జమాఖర్చు ప్రాణాల మీదికి వస్తుంది. భీమవరం, కైకలూరు వైపు రొయ్యల చెరువులు, చేపల చెరువులు చేసేవాళ్లకి ఈ పాఠం ఎవరూ చెప్పక్కర్లేదు. చెరువు నీటికి పచ్చరంగు ఇచ్చే సూక్ష్మ మొక్కలు పగలంతా ఆక్సిజన్ వదులుతాయి. 30 డిగ్రీల నీరు గాలి నుంచి మామూలుగా లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాముల ఆక్సిజన్‌నే పట్టుకోగలదు. ఎండ కాసే మధ్యాహ్నం పచ్చటి చెరువులో అంతకు మించి ఉంటుంది. పొద్దు వాలగానే రాబడి బంద్. చేపలూ, రొయ్యలూ, అడుగున కుళ్లే మేతా, ఆ సూక్ష్మ మొక్కలూ అన్నీ రాత్రంతా ఖర్చు పెడుతూనే ఉంటాయి. తెల్లవారే ముందు నిల్వ అడుగంటుతుంది. "డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్) పడిపోయింది" అని రైతు పరిగెత్తేది ఆ వేళకే. చేపలు పైకి తేలి నోరు తెరుస్తుంటాయి. రాత్రిపూట నీటిలోకి గాలి కలిపే ఏరియేటర్లు తిప్పేది ఇందుకే. రెండు రోజులు మబ్బు పట్టిందంటే రైతుకు టెన్షన్, పగటి రాబడి తగ్గింది గానీ రాత్రి ఖర్చు తగ్గలేదు కదా.

చెరువు ఉన్న బంధువులెవరైనా ఉంటే వాళ్ల పుస్తకంలో పొద్దున ఐదింటి డీవో, మధ్యాహ్నం మూడింటి డీవో చూడండి. పక్కనే పీహెచ్ అంకెలూ రాసి ఉంటాయి, నీటిలో ఆమ్లం ఎక్కువైతే ఆ అంకె తగ్గుతుంది. మధ్యాహ్నం పీహెచ్ పెరుగుతుంది, రాత్రి తగ్గుతుంది. నీటిలో కరిగి ఆమ్లంగా ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ని మొక్కలు పగలు లాగేసుకోవడమే కారణం. ఇది మీ జాడీలోనూ దొరుకుతుంది. సోడా కలపని కుళాయి నీటిలో హైడ్రిల్లా నిండుగా వేసి, అక్వేరియం షాపులో అమ్మే పీహెచ్ కిట్‌తో సూర్యోదయానికి ముందు ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి చూడండి. ఆక్సిజన్ మీటరు కొనలేని వాళ్లకి ఇంతకంటే చవకైన దారి నాకు తెలియదు. ముడిసరుకు ఎంత ఖర్చవుతోందో చూసి ఉత్పత్తిని అంచనా కట్టడం అన్నమాట.

అంతా అయ్యాక

ఆకుపచ్చ స్పిరిట్‌ని మూత బిగించి, మంటకు దూరంగా, పిల్లలకు అందకుండా పెట్టండి. మళ్లీ ఇంకో ఆకుకు వాడుకోవచ్చు. రెండు మూడు ఆకుల తర్వాత పనిచేయదు. అయోడిన్ మరక బట్టల మీద పడితే వెంటనే ఉతకండి, గంజి పెట్టిన కాటన్ చీర అయితే మరక నల్లగా మారి మీ ప్రయోగాన్ని ఇంట్లో అందరికీ చాటుతుంది.

హైడ్రిల్లాని కాలువలోకీ చెరువులోకీ విసిరేయకండి. చిన్న ముక్క చాలు, అక్కడ పాతుకుని కాలువను కమ్మేస్తుంది. మేడ మీద రెండు రోజులు కరకరలాడేలా ఎండబెట్టి కుండీ మట్టిలో కలిపేయండి.